కాళ్ళ దగ్గర కూర్చుని చేసే పని

మా ముత్తాత నర్సింహారావు సిరిసిల్ల పక్కన పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత రంగారావు వాటిలో పదకొండు పోగొట్టుకున్నా, కచేరీలో ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మా నాన్న మిగిలిన మూడు ఊళ్ళ భూమినీ కోర్టుకూ పేకాటకూ పక్షపాతం లేకుండా పంచి ఇచ్చాడు. నేను ఆయన పెద్ద కూతురిని. ఇరవై ఆరేళ్ళు సూరత్‌లో ఆడవాళ్ళ కాళ్ళ మీది వెంట్రుకలు తీసి బతికాను.

ఈ రెండు సంగతులూ ఒకే పేరాలో రాయడానికి నాకు సిగ్గు లేదు. హైదరాబాదులో ఉన్న మా బంధువులకు ఉంది. నేను 'స్కిన్ కేర్‌లో ఉన్నాను' అని వాళ్ళు పెళ్ళిళ్ళలో చెబుతారట. చర్మం సంగతి నాకు కొంత తెలుసన్న మాట మాత్రం నిజం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లల కోసం అదే రాస్తున్నాను. సర్టిఫికెట్ల గురించీ పార్లర్ పెట్టడం గురించీ చెప్పడానికి వేరే వాళ్ళు ఉన్నారు.

మా గడిలో, అంటే దొరల బంగళాలో, వెంట్రుకలు తీయడం ఒకరి కులవృత్తి. ఆయన పేరు లింగయ్య. వారానికోసారి వచ్చి, అరుగు దగ్గర మగవాళ్ళకు గడ్డం గీసి వెళ్ళేవాడు. వాకిలి దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఆడవాళ్ళకు కాళ్ళ మీద వెంట్రుకలు ఉంటాయని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవారే కారు. ఒప్పుకోని దాన్ని తీసే ప్రశ్న ఎక్కడిది?

హంసాబెన్ స్టూలు

నూలు కమీషన్ వ్యాపారం చేస్తానని మా ఆయన నన్ను సూరత్ తీసుకొచ్చారు. ముందు వ్యాపారం పోయింది, తర్వాత ఆయన పోయారు. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. బతుకుతెరువు కోసం ఘోడ్‌దోడ్ రోడ్డులో హంసాబెన్ అనే గుజరాతీ ఆవిడ పార్లర్‌లో చేరాను. నాకు పని నేర్పింది ఆమే.

మొదటి రోజే ఒక పొట్టి స్టూలు చూపించి కూర్చోమంది. కస్టమర్ మంచం మీద పడుకుంటుంది, మనం ఆమె పాదాల దగ్గర కింద కూర్చోవాలి. నేను నిలబడే చేస్తానన్నాను. హంసాబెన్ చేతులు కట్టుకుని, నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసింది.

"రాణీ సాహెబ్, కాళ్ళు మీ దగ్గరికి ఎగిరి రావు. మీరే దిగాలి," అంది హిందీలో.

అరగంట నిలబడి చేశాను. మర్నాడు నడుము లేవలేదు. మూడో రోజు కూర్చున్నాను. స్టూలు మీద కూర్చున్నా వెన్ను వంచనవసరం లేదని, మెడ వంచితే చాలని అప్పుడే తెలిసింది. ఇది యోగాసనం లాంటి సంగతేమీ కాదు. నడుం నొప్పి గురించి చెబుతున్నాను.

ఆమె రోజుకు పదిసార్లు అనే మాట ఒకటుంది. "పహేలా చామ్‌డీ జో, పఛీ వాళ్." ముందు చర్మం చూడు, తర్వాత వెంట్రుక. మా తాత ఇచ్చిన సలహాలన్నీ కలిపినా దీనంత పనికి రాలేదు.

ఎవరిది సున్నితం

సున్నితమైన చర్మమంటే తెల్లగా, పాలమీగడలా ఉంటుందని కొత్తగా వచ్చే పిల్లలు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంటి ఆడవాళ్ళది సున్నితమనీ, నీళ్ళు మోసే వాళ్ళది మొరటనీ మా నాయనమ్మ సిద్ధాంతం. ఇరవై ఆరేళ్ళలో ఆ సిద్ధాంతానికి ఒక్క సాక్ష్యమూ దొరకలేదు. పాండేసరా డైయింగ్ మిల్లులో తడి బట్ట మోసే ఆవిడ కాలికి గోరువెచ్చని మైనం తగిలితేనే దద్దుర్లు లేచేవి. వజ్రాల వ్యాపారి భార్యకు ఏం పూసినా ఏమీ అయ్యేది కాదు. చర్మానికి ఎవరిది ఏ ఇల్లో తెలియదు.

కాబట్టి పరీక్ష చేయండి. మైనమైనా, క్రీమైనా, సబ్బైనా, చీలమండకు లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర వాడి, ఒక పూర్తి రోజు ఆగండి. గంట కాదు, రోజు. మంట, దురద, ఎరుపు ఏదైనా వస్తే అది ఆ మనిషికి పడదు. మళ్ళీ ప్రయత్నించి చూద్దాం అనకండి.

మైనం అస్సలు పడని వాళ్ళకు రేజరే మంచిది. చాలామంది రేజర్ అంటే నామోషీ పడతారు. గోరువెచ్చని నీళ్ళలో అయిదు నిమిషాలు కాళ్ళు నానాలి. కొత్త బ్లేడు కావాలి. వెంట్రుక పెరిగిన దిక్కుకే గీయాలి, ఎదురు గీయకూడదు. ఒకసారి గీసిన చోట రెండోసారి గీయకూడదు. పొడి చర్మం మీద రేజర్ పెట్టేవాళ్ళను నేను పనిలో ఉంచుకోలేదు. అయ్యాక చన్నీళ్ళ గుడ్డ వేసి, వదులు నూలు బట్టలు కట్టుకోమని చెప్పాలి. వాసన నూనెలు వద్దు. ఒక రోజు ఎండ వద్దు.

మన తెలుగువాళ్ళతో ఇంకో చిక్కుంది. వెంట్రుక తీశాక పసుపు పూసుకుంటే గానీ మనకు మనసు నిలవదు. మామూలు చర్మానికి పసుపు మంచిదే కావచ్చు. అప్పుడే గీసిన చర్మానికి పసుపు రుద్దడమంటే, గాయానికి గౌరవంగా కారం పెట్టడమే.

చీర చూసి చేసిన తప్పు

హంసాబెన్ దగ్గర మూడో ఏడు, పల్సానా వైపు మిల్లు ఉన్న ఒక పెద్ద ఇంటి కోడలు వచ్చింది. సాయంత్రం ఫంక్షన్ ఉంది, వెంటనే కావాలంది. పరీక్ష చేయాలి, రేపు రమ్మనాలి. ఆమె కారు చూశాను, చీర చూశాను, మాట తీరు చూశాను. మా ఇంటి మనిషిలా అనిపించింది. అలాంటి వాళ్ళను రేపు రమ్మనడం మర్యాద కాదనుకున్నాను. మైనం వేశాను.

ఆమె ఫంక్షన్‌కు వెళ్ళలేదు. హంసాబెన్ నన్ను తిట్టలేదు. "చామ్‌డీ చూడమన్నాను. చీర చూశావు," అంది. నెల రోజులు నాకు టవళ్ళు ఉతికే పని ఇచ్చింది.

తర్వాత పదేళ్ళకు వడోద్ దగ్గర ఇంటి ముందు గదిలో నేనే పార్లర్ పెట్టుకున్నాను. చీర చూసి మోసపోవడం మానేశాననుకున్నాను. ఇంకో రకం మోసం మిగిలి ఉందని కరోనా వచ్చాక తెలిసింది.

తలుపు మూసిన నెలలు

లాక్‌డౌన్‌లో అందరికన్నా ముందు మూసినవీ, అందరికన్నా వెనక తెరిచినవీ మా లాంటి గదులే. మనిషిని తాకకుండా చేసే పని కాదు కదా. మగ్గాలు ఆగాయి. ఒరియా వాళ్ళు, మన వాళ్ళు దొరికిన బండి పట్టుకుని ఊళ్ళకు పోయారు. పోలేని వాళ్ళు గదుల్లో ఉండిపోయారు.

మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలన్నారు. మా గడిలో ఎవరు ఎంత దూరంలో నిలబడాలో మా తాత చెప్పేవాడు, మనిషికో కొలత. ప్రభుత్వం అందరికీ ఒకే కొలత పెట్టింది. అంత సమానత్వం మా ఊరు ఎన్నడూ చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నెలల్లో నేను ఇంట్లో చీరలకు రాళ్ళు అంటించాను. సూరత్‌లో ఇది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చేసే పని. చీరల వ్యాపారి సేఠ్ మనిషి టెంపోలో చీరల మూట, మెరిసే రాళ్ళు, గమ్ము డబ్బా దింపి వెళతాడు. కాళ్ళు బారజాపి, చీర ఒళ్ళో పరుచుకుని, గమ్ము చుక్క పెట్టి రాయి అంటించాలి. మూట పొద్దున్నే తీసుకుని, తలుపు మూసి, పరదా వేసుకుని చేసేదాన్ని. పార్లర్ మేడం, అందులోనూ దేశ్‌ముఖ్ ఇంటి ఆడపడుచు, ఆ పని చేస్తున్నట్టు వీధికి తెలియకూడదనుకున్నాను. మోకాళ్ళ మీద, వాటి కింద ముందువైపు ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. సూరత్ నీళ్ళ మీదికి తోసేశాను. అందరి చర్మమూ చదివేదాన్ని, నా కాళ్ళు నేను చూసుకోలేదు.

మౌనిక

వానలు తగ్గాక పార్లర్ తెరిచాను. మొదటి వారం ఒక్కరూ రాలేదు, అందుకని రాళ్ళ పని మానలేదు. రెండో వారం బుధవారం నాడు రాజవ్వ వచ్చింది, వెంట కూతురు మౌనిక. రాజవ్వ మా ఊరి మనిషే, నేతవాళ్ళ కోడలు. భర్త కనకయ్య ఇక్కడ పవర్‌లూమ్ మీద పని చేసేవాడు. ఆ మిల్లు తెరవలేదు. ఇంట్లో నిలకడైన సంపాదన లేదు.

మౌనిక సూరత్‌లోనే పుట్టింది. డిగ్రీ రెండో ఏడు. రాగానే మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ మొదలుపెట్టింది.

"ఆంటీ, సోమవారం షూట్ ఉంది. తబ్ తక్ కాళ్ళు క్లీన్ కావాలి. క్రీమ్ పెడితే అంతా జల్ గయా, పోయిన నెల."

"ఆంటీ గీంటీ ఏందే. దొరసాని అనాలె," అంది రాజవ్వ.

"దొరసాని మత్‌లబ్?"

"మత్‌లబ్ ఏముంటది. ఊరంతా ఆమెదే."

"ఊరంతా ఆమెదైతే సూరత్ ఎందుకొచ్చింది మమ్మీ?"

రాజవ్వ నావైపు చూసింది, నేను రేజర్ల పెట్టె వైపు చూశాను. ఆ పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్న. 

షూట్ సంగతి రాజవ్వే చెప్పింది. లాక్‌డౌన్‌లో ఎవరూ చీరలు కొనలేదు గానీ, ఇంట్లో వేసుకునే నైట్ డ్రెస్సులు తెగ అమ్ముడుపోయాయట. మోకాళ్ళ పైకి ఉండే రకాలు. ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఒక వ్యాపారి కేటలాగు తీయిస్తున్నాడు. ముంబై నుంచి మోడళ్ళు రావడం లేదు. ఆ వ్యాపారి దగ్గర ప్యాకింగ్‌కు వెళ్ళే మౌనికను చూసి, నువ్వే నిలబడు అన్నారు. ఈ ఒక్కటి బాగా వస్తే నెలనెలా పిలుస్తారు. కాళ్ళు బాగుండకపోతే ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది.

"దీని నాయినకు తెల్వది," అంది రాజవ్వ మౌనికను చూపిస్తూ. "ప్యాకింగ్‌కే పోతున్నదనుకుంటుండు. తెలిస్తే ఇంట్ల ఆగమాగం జేస్తడు. గని దొరసానీ, ఇంట్ల ఇగ వేరే దిక్కు లేదు. జర మంచిగ జెయ్యి."

చీలమండ దగ్గర సబ్బూ రేజరూ పరీక్ష చేసి పంపాను. గురువారం ఇద్దరూ వచ్చారు. పరీక్ష చేసిన చోట ఏమీ లేదు. నానబెట్టి, కొత్త బ్లేడుతో, ఒకే దిక్కుకు గీశాను. నా ఇరవై ఆరేళ్ళలో అంత శ్రద్ధగా చేసిన కాళ్ళు పది కూడా ఉండవు. పసుపు వద్దు, నూనె వద్దు అని ఇద్దరికీ విడివిడిగా చెప్పి పంపాను.

శుక్రవారం నేను చెప్పిన అబద్ధం

శుక్రవారం పొద్దున ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మౌనిక కాళ్ళు ఊపడం లేదు. మోకాళ్ళ పైన, వాటి కింద ముందువైపు ఎర్రటి పొక్కులు. స్టూలు మీద కూర్చుని మెల్లగా కాలు తిప్పి చూశాను. వెనకవైపు పిక్కలు శుభ్రంగా ఉన్నాయి. పరీక్ష చేసిన చోటు శుభ్రంగా ఉంది. రేజర్ వల్ల అయితే చుట్టూ ఉండాలి.

"ఏం పూసినవ్?"

"ఏం పూయలే ఆంటీ. కసమ్ సే."

"రాజవ్వా, పసుపు గిట్ల పెట్టినవా?"

"నీ పాదాల మీదొట్టు దొరసానీ. పసుపు డబ్బే ముట్టలే."

"ఇంట్ల ఏం పని చేసింది?"

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "ఏం పని లేదు. పిల్ల సదువుకుంటది," అంది రాజవ్వ.

ముందు వైపే, ఒళ్ళో చీర పరుచుకునే మేర. ఆ ఆకారం నాకు తెలుసు. ఆ పొద్దునే స్నానాల గదిలో నా కాళ్ళ మీద చూశాను. వాళ్ళ ఇంట్లోనూ చీరల మూట ఉందని అర్థమైంది. గీసిన లేత చర్మం మీద చీరలోంచి గమ్ము ఊరి దిగుతోంది. ఆ పని ఆపండి అంటే చాలు. కానీ ఏ పని అంటారు. నీకెట్లా తెలుసు అంటారు.

"నీళ్ళు పడలేదేమో. చన్నీళ్ళ గుడ్డ వేసుకో," అన్నాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పాల్సిన అసలు సంగతి ఇదే. నేను పరీక్ష సరిగ్గా చేశాను, బ్లేడు సరిగ్గా పట్టాను. తెలిసిన కారణాన్ని నా పరువు కోసం దాచి, ఆ పిల్లను మళ్ళీ గమ్ము దగ్గరికే పంపాను. వాళ్ళు దాచడం నాకు అర్థమవుతుంది, దొరసాని ముందు కూలిపని చెప్పుకోలేక దాచారు. నేను దాచడానికి అలాంటి కారణం కూడా లేదు.

వాళ్ళ గదిలో

శనివారం పొద్దున మౌనిక ఫోన్‌లో ఫోటో పంపింది. పొక్కులు రెట్టింపయ్యాయి. కింద "ఆంటీ, గయా మేరా షూట్" అని రాసింది.

చెప్పులేసుకుని వాళ్ళ గదికి నడిచాను. పదమూడేళ్ళుగా పక్క గల్లీలో ఉన్నా ఎప్పుడూ వెళ్ళలేదు. తలుపు తెరవగానే రాజవ్వ గబగబా ఏదో మూట మీద దుప్పటి కప్పింది. కనకయ్య మిల్లు తెరుస్తారేమో కనుక్కుందామని బయటికి వెళ్ళాడట. ఉన్న ఒక్క కుర్చీని రాజవ్వ కొంగుతో తుడిచి ముందుకు జరిపింది.

నేను కూర్చోలేదు. చీర మోకాళ్ళ దాకా ఎత్తి నా కాళ్ళు చూపించాను.

"గమ్ము వల్లనే. నేను గూడ రాళ్ళు అంటిస్తున్న. నిన్ననే చెప్పాల్సింది," అన్నాను.

 రాజవ్వ దుప్పటి తీసేసింది. కింద గులాబీ రంగు నెట్ చీరలు, సగం రాళ్ళతో.

"మాకెరుకనే దొరసానీ," అంది.

"ఏమెరుక?"

"సేఠ్ టెంపో రోజు నీ వాకిట్ల ఆగుతది. హవా తినడానికి ఆగుతదా? గల్లీ గల్లీకి ఎరుకే. నువ్వు పరదా ఏసుకుంటివి, మేం సూడనట్టే పోతిమి."

"నీ ఫినిషింగ్ అచ్ఛా హై అని టెంపో అన్న చెప్పిండు," అంది మౌనిక.

నా గౌరవాన్ని ఆరు నెలలుగా వీధంతా కలిసి కాపాడిందన్నమాట. కాపాడుకుంటున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

మౌనిక రాళ్ళ పని ఆపాలన్నాను. రాజవ్వ తల అడ్డంగా ఊపింది. మూట సోమవారం పొద్దున టెంపోకు ఇవ్వాలి. ఇవ్వకపోతే మళ్ళీ వేయరు. ఆ పిల్ల వాటా కూడా తనొక్కతే చేయలేనంది.

"ఆమె వాటా నేను చేస్త. మూట ఎత్తుకుని మా పార్లర్‌కు పదండి," అన్నాను.

రెండు రోజులు

ముందు చర్మ వైద్యుడికి ఫోన్ చేశాను. మన తెలుగాయనే. ఆ రోజుల్లో అందరినీ ఫోన్‌లోనే చూసేవాడు. ఫోటో చూసి, గమ్ము దూరం పెట్టమని, ఒక పల్చటి ఆయింట్‌మెంట్ పూయమని చెప్పాడు. పొక్కులు వస్తే సొంత వైద్యం చేయకండి. మన పని వెంట్రుకలు తీయడం, రోగాలు తీయడం కాదు.

మైనం వేసే మంచం మీద ప్లాస్టిక్ షీట్ పరిచాం. నడుమెత్తు మంచం, చీర పూర్తిగా పరుచుకుంటుంది, ఒళ్ళో పెట్టుకునే అవసరమే లేదు. ఇన్ని నెలలు ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుని ఒళ్ళో గమ్ము పోసుకున్నాను. మా వంశానికి తెలివి ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే వచ్చేది.

రాజవ్వ ఒకవైపు, నేను ఒకవైపు, మాస్కులతో. మౌనిక కుర్చీలో కాళ్ళ మీద తడి గుడ్డ వేసుకుని, మాకు రంగు వరుస చెప్పింది.

"ఆంటీ, టేఢా. అది వంకర పోయింది."

"పోలేదు."

"పోయింది దొరసానీ," అంది రాజవ్వ. "పీకి మళ్ళ పెట్టు."

పీకి మళ్ళీ పెట్టాను. హంసాబెన్ తర్వాత నా పని తప్పని నా ముఖం మీద చెప్పింది వీళ్ళిద్దరే.

ఆదివారం సాయంత్రానికి మూట అయింది. పొక్కులు అణిగాయి. ఎరుపు పూర్తిగా పోలేదు, కానీ దగ్గరగా చూస్తేనే కనిపిస్తోంది. సోమవారం ఆ పిల్ల వెళ్ళింది. మధ్యాహ్నం దాకా నేనూ రాజవ్వా ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాం. మోగలేదు. మూడింటికి మౌనికే వచ్చింది, చేతిలో సమోసాల పొట్లంతో. వచ్చే నెల కూడా రమ్మన్నారట.

కేటలాగు వచ్చాక మౌనిక ఫోన్‌లో చూపించింది. పన్నెండు ఫోటోల్లోనూ మెడ నుంచి కిందికే ఉంది. ముఖం లేదు. బట్ట మీదే చూపు నిలవాలని వ్యాపారి అలా కోయించాడట. ఆ ఫోటోలు కనకయ్య కూడా చూశాడు. ప్యాకింగ్‌లో మా పిల్ల మడతపెట్టే డ్రెస్సులివి అని పక్కింటి వాళ్ళకు చూపించాడు. రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మూసివేత

ఆ రోజు నుంచి నా పార్లర్‌కు వచ్చిన ప్రతి మనిషినీ ఇంట్లో ఏం పని చేస్తావని అడిగాను, మిల్లు కోడలైనా సరే. అడిగే ముందు నేనేం చేస్తానో చెప్పాను. నిజం చెప్పడానికి కస్టమర్లకు అదొక్కటే దారి చూపిస్తుంది. మీరూ అలాగే చేయండి.

రెండో వేవ్ తర్వాత నా ఊపిరితిత్తులు మునుపటిలా లేవు. మైనం పొగ పడటం లేదని డాక్టర్ అన్నాడు. పార్లర్ బోర్డు దింపించాను. మంచం ఉంచుకున్నాను. రాజవ్వా నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ దాని మీదే చీరల పని చేస్తున్నాం, పరదా లేకుండా. మైనం హీటర్లు రెండూ, స్టీమరూ, నిలువుటద్దమూ, పొట్టి స్టూలూ బార్డోలీలో కొత్తగా పార్లర్ పెట్టుకుంటున్న ఒకామెకు అమ్మేశాను.